34 పరుగులు చేసినవాళ్లు ఓడి, 26 చేసినవాళ్లు గెలిస్తే

మీరు అడిగింది ఇది: 2025 వరల్డ్ సిరీస్‌లో (అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ ఫైనల్, ముందు నాలుగు ఆటలు గెలిచినవాళ్లదే కప్పు) టొరంటో బ్లూ జేస్ ఏడు ఆటల్లో కలిపి 34 పరుగులు చేసింది, లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ 26 చేసింది, కప్పు మాత్రం డాడ్జర్స్ పట్టుకుపోయారు. మరి బేస్‌బాల్ చాంపియన్ కావడంలో నైపుణ్యం ఎంత, అదృష్టం ఎంత?

నా మాట ముందే చెప్పేస్తాను. మామూలు సీజన్ అయ్యాక అక్టోబర్‌లో జరిగే నాకౌట్ రౌండ్లకి, అంటే ప్లేఆఫ్స్‌కి, ఏటా చేరడం నైపుణ్యం. ఫలానా ఏడాది కప్పు చేతికి రావడంలో మాత్రం ఎక్కువ పాలు అదృష్టమే. ఈ రెండూ కలిపి మాట్లాడటం వల్లే టీవీలో అంత గొడవ.

నా ఉద్యోగం ఇన్సూరెన్స్‌లో ప్రీమియం లెక్కలు కట్టడం. తెనాలి నుంచి అమెరికా వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. మొదట్లో బేస్‌బాల్ అంటే నాకు నిద్రొచ్చేది. మావాడు పిల్లల బేస్‌బాల్ లిటిల్ లీగ్‌లో చేరాక, లెక్కల మనిషి కదా అని స్కోరు పుస్తకం రాసే పని నా మెడకి చుట్టారు. అక్కణ్నుంచి పిచ్చి పట్టింది.

ముందు ఆ సిరీస్‌లోనే ఆరో ఆట చివరి ఘట్టం చూద్దాం. అక్టోబర్ 31 రాత్రి, టొరంటో. సిరీస్‌లో టొరంటో 3-2తో ముందుంది. ఇంకొక్కటి గెలిస్తే 1993 తర్వాత మళ్లీ చాంపియన్. చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్, టొరంటో బ్యాటింగ్. డాడ్జర్స్ 3-1తో ఆధిక్యంలో ఉన్నారు. మూడు అవుట్లు పడితే ఆట ముగుస్తుంది, ఇంకా ఒక్కటీ పడలేదు. మొదటి బేస్ మీద టొరంటో రన్నర్ మైల్స్ స్ట్రా. మూడు బేస్‌లూ చుట్టి హోమ్ చేరితే ఒక పరుగు. అప్పుడు ఆడిసన్ బార్జర్ కొట్టిన బంతి లెఫ్ట్ సెంటర్ గోడ దాకా దూసుకెళ్లి, గోడ అడుగు భాగానికీ నేలకీ మధ్య ఇరుక్కుపోయింది. డాడ్జర్స్ సెంటర్ ఫీల్డర్ జస్టిన్ డీన్ దాన్ని ముట్టుకోలేదు. రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. బంతి అలా ఇరుక్కుంటే రూల్ ప్రకారం బంతి డెడ్, అంటే ఆట అక్కడ ఆగినట్టే, రన్నర్లకి తలా రెండు బేస్‌లే. దాంతో హోమ్ దాకా పరుగెత్తిన స్ట్రాని వెనక్కి పిలిచి మూడో బేస్ మీద నిలబెట్టారు. చేతిదాకా వచ్చిన పరుగు పోయింది.

బంతి ఇరుక్కోవడంలో ఎవరి గొప్పా లేదు. వేయిసార్లు కొట్టించినా మళ్లీ అలా ఇరుక్కుంటుందో లేదో. కానీ డీన్ చేతులెత్తడం చూడండి, అది నైపుణ్యం. కంగారులో బంతిని పీకి విసిరి ఉంటే ఆట నడుస్తూనే ఉందని అంపైర్లు అనుకునే వీలుంది. రూలు తెలిసి, ఆ గోలలో గుర్తుండి, చేతులు ఆపుకున్నాడు.

కాసేపటికి ఒక అవుట్ పడ్డాక ఆండ్రెస్ హిమెనెజ్ లెఫ్ట్ ఫీల్డ్ వైపు తక్కువ ఎత్తులో ఒక బంతి కొట్టాడు. అది నేలమీద పడుతుందనుకుని బార్జర్ రెండో బేస్ వదిలి ముందుకెళ్లాడు. క్యాచ్ పడితే రన్నర్ వెనక్కి రావాలి, ఆలోపు బంతి ఆ బేస్‌కి చేరితే అతనూ అవుట్. డాడ్జర్స్ ఫీల్డర్ కీకే హెర్నాండెజ్ ముందుకు పరుగెత్తుకొచ్చి క్యాచ్ పట్టి, ఆగకుండా రెండో బేస్‌కి విసిరాడు. నేలకి తగిలి లేచిన ఆ త్రోని మిగెల్ రోహాస్ ఒడిసిపట్టాడు. బార్జర్ కూడా అవుట్, మూడు అవుట్లూ పడి ఆట ముగిసింది. అదే బంతి ఇంకో మూడడుగులు ముందు పడితే? రెండు పరుగులొచ్చి స్కోరు సమం. ఆ మూడడుగులు అదృష్టం, ఆ పరుగెత్తడం, ఆ విసరడం నైపుణ్యం. ఒకే బంతిలో రెండూ ఉన్నాయి, విడదీయడం కుదరదు. అందుకే ఒక్కో బంతి చూసి వాదించుకుంటే ఈ ప్రశ్న తేలదు. లెక్కలోకి దిగాలి.

ఇన్సూరెన్స్ భాషలో చెప్తాను. ఒక డ్రైవర్‌కి ఒక ఏడాది యాక్సిడెంట్ కాలేదనుకోండి, ప్రీమియం తగ్గిస్తాం, కానీ కొంచెమే. ఏళ్ల తరబడి కాకపోతే అప్పుడు నమ్మకం కుదురుతుంది. మళ్లీ మళ్లీ చేసి చూపించగలిగితే నైపుణ్యం, ఒకసారి జరిగి ఊరుకుంటే తెలీదు. మేజర్ లీగ్‌లో జట్టు ఏడాదికి 162 ఆటలు ఆడుతుంది. వరల్డ్ సిరీస్ ఏడింట నాలుగు. 162 చూసి కూడా పూర్తిగా నమ్మలేని చోట ఏడింటిని ఎంత నమ్మాలి?

162 చూసి కూడా నమ్మలేమని ఎందుకంటున్నానంటే, సరిగ్గా సగటు జట్టు ఒకటి ఉందనుకుందాం, ప్రతి ఆటా నాణెం ఎగరేసినట్టే. సగటున 81 గెలుస్తుంది. కానీ ఒట్టి యాదృచ్ఛికత వల్లే ఆ సంఖ్య అటో ఆరు, ఇటో ఆరు జరుగుతుంది. మూడింట రెండు సీజన్లలో 75, 87 మధ్య ఎక్కడో తేలుతుంది. మిగతా సీజన్లలో ఇంకా అవతలికి పోతుంది. కాబట్టి 93 గెలిచిన జట్టు కన్నా 95 గెలిచింది మంచిదని బల్లగుద్ది చెప్పేవాళ్లని నేను పెద్దగా పట్టించుకోను.

ఇప్పుడు ప్లేఆఫ్స్. అందులో బలమైన జట్టు ఒక్కో ఆట గెలిచే అవకాశం 55 శాతం అనుకుందాం. అక్కడ ఆడేవన్నీ మంచి జట్లే, కాబట్టి ఇది తక్కువేం కాదు. అయిదింట మూడు గెలవాల్సిన రౌండ్ దాటే అవకాశం 59 శాతం. ఏడింట నాలుగు గెలవాల్సిన రౌండ్ అయితే 61. వైల్డ్ కార్డ్ అనే తొలి రౌండ్ ఆడక్కర్లేని జట్టుకి ఒక చిన్న రౌండు, రెండు పెద్ద రౌండ్లు ఉంటాయి. మూడూ గుణిస్తే 22 శాతం. అంటే అందరికన్నా బలమైన జట్టు కూడా అయిదేళ్లలో నాలుగేళ్లు కప్పు లేకుండానే ఇంటికి వెళ్తుంది. అది వైఫల్యం కాదు, మామూలు విషయం.

మరి ఈ ఆటలో 55 శాతమే ఎందుకు ఎక్కువ? 2024లో చికాగో వైట్ సాక్స్ 121 ఆటలు ఓడింది. ఆధునిక కాలంలో ఒక సీజన్‌లో అన్ని ఓటములు ఇంకే జట్టుకీ లేవు. అయినా 41 గెలిచింది. నాలుగింట ఒకటి! 2001లో సియాటిల్ మెరైనర్స్ 116 గెలిచి రికార్డు సమం చేసింది, అయినా 46 ఓడింది. బాస్కెట్‌బాల్‌లో గోల్డెన్ స్టేట్ వారియర్స్ 2015-16లో 82 ఆడి 73 గెలిచింది. బేస్‌బాల్‌లో అలాంటిది ఊహకందదు. బాస్కెట్‌బాల్‌లో మేటి ఆటగాడి చేతికి బంతి ఎప్పుడు కావాలంటే అప్పుడు ఇవ్వొచ్చు. ఇక్కడ మేటి బ్యాటర్ కూడా తొమ్మిది మందిలో తన వంతు కోసం వరుసలో నిలబడాల్సిందే. చివరి ఇన్నింగ్స్‌లో వంతు ఎవరిది వస్తే వాళ్లే దిక్కు. పైగా గుండ్రటి బంతిని గుండ్రటి బ్యాట్‌తో కొట్టడం. తగిలే చోటు వెంట్రుకవాసి మారితే గోడ దాటాల్సిన హోమ్ రన్ కాస్తా గాల్లోకి లేచి చేతిలో పడుతుంది.

స్కోరు రాసేటప్పుడు ఇది బాగా అర్థమవుతుంది. ఒకరోజు మావాడి జట్టులో ఒక పిల్లాడు బంతిని అదిరిపోయేలా కొట్టాడు. అది నేరుగా షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) గ్లవ్‌లోకి వెళ్లింది. పుస్తకంలో అవుట్ అని రాశాను. తర్వాతి పిల్లాడు కళ్లు మూసుకుని ఊపితే బ్యాట్ పిడి దగ్గర తగిలి, బంతి ఫీల్డర్ల నెత్తిమీదుగా మెల్లగా వెళ్లి గడ్డిలో పడింది. సింగిల్, అంటే మొదటి బేస్ చేర్చిన హిట్, అని రాశాను. మొదటి పిల్లాడు నా దగ్గరికొచ్చి పుస్తకంలోకి తొంగి చూసి, "నాది ఎంత గట్టిగా తగిలిందో రాయరా అంకుల్?" అన్నాడు. రాయడానికి గడి లేదు నాన్నా అన్నాను.

పెద్దవాళ్ల ఆటలోనూ అంతే. 2001 వరల్డ్ సిరీస్ ఏడో ఆట, తొమ్మిదో ఇన్నింగ్స్. న్యూయార్క్ యాంకీస్ తరఫున బంతి వేస్తున్నది మారియానో రివేరా. ఆట ముగించడంలో అంతటివాడు ఇంకొకడు పుట్టలేదు. ఆరిజోనా బ్యాటర్ లూయీస్ గొంజాలెజ్‌ని ఇబ్బంది పెట్టే బంతే వేశాడు. అది పిడి దగ్గర తగిలి, ముందుకొచ్చి నిలబడ్డ దగ్గరి ఫీల్డర్ల మీదుగా మెత్తగా పడింది. పరుగొచ్చింది, కప్పు ఆరిజోనాకి పోయింది. రివేరా వేసింది చెడ్డ బంతా? నా దృష్టిలో కాదు.

ఈ సంగతిని ముందుగా లెక్కలతో పట్టుకున్నది వోరోస్ మెక్రాకెన్ అనే ఒక అభిమాని. బంతి మైదానంలోకి వెళ్లాక అది హిట్ అవుతుందా, అవుట్ అవుతుందా అన్నది మనం అనుకున్నంతగా పిచర్ (బంతి వేసేవాడి) చేతిలో లేదని 2000 ప్రాంతంలో చూపించాడు. లీగ్ మొత్తం మీద అలాంటి బంతుల్లో దాదాపు 30 శాతం హిట్లవుతాయి. ఒక పిచర్‌కి ఒక నెలలో 24, ఇంకో నెలలో 36 అవుతుంటే, చాలాసార్లు అతను మారలేదు, బంతి పడే చోటు మారింది. స్ట్రైకవుట్లు (బంతి మైదానంలోకి కొట్టలేక బ్యాటర్ అవుటవడం), వాక్‌లు (చెడ్డ బంతుల వల్ల మొదటి బేస్ ఉచితంగా దక్కడం), హోమ్ రన్లు మాత్రం పిచర్ సొంత ఆస్తి. మొదట్లో చాలామంది నవ్వారు. ఇప్పుడు ప్రతి జట్టు ఆఫీసులోనూ ఈ లెక్కే నడుస్తోంది.

ఇక మీ 34-26 సంగతి. దానికి ముత్తాత లాంటిది 1960లో ఉంది. యాంకీస్ పిట్స్‌బర్గ్ పైరేట్స్ మీద 16-3, 10-0, 12-0 తేడాలతో మూడు ఆటలు గెలిచింది. సిరీస్ మొత్తం మీద 55 పరుగులు చేసి 27 ఇచ్చింది. ఓడింది! ఏడో ఆట ఎనిమిదో ఇన్నింగ్స్‌లో యాంకీస్ 7-4తో ముందుండగా, ఒకే బంతికి ఇద్దరు అవుటయ్యే డబుల్ ప్లే అవ్వాల్సిన బంతి నేలమీద వింతగా ఎగిరి షార్ట్‌స్టాప్ టోనీ క్యూబెక్ గొంతుకి తగిలింది. అతను కింద పడిపోయాడు, ఆట కొనసాగించలేకపోయాడు. ఆ ఇన్నింగ్స్‌లో పైరేట్స్ అయిదు పరుగులు చేసింది, చివరికి బిల్ మాజెరోస్కీ హోమ్ రన్‌తో 10-9తో గెలిచింది. 12-0తో గెలిచినప్పుడు మిగిలిన పరుగుల్ని రేపటికి దాచుకోవడానికి లేదు కదా. 2025లో టొరంటో మొదటి ఆట 11-4తో గెలిచింది. ఆ ఏడు పరుగుల తేడాకీ, డాడ్జర్స్ 18 ఇన్నింగ్స్ ఆడి 6-5తో గెలిచిన మూడో ఆటలో ఒక్క పరుగు తేడాకీ విలువ ఒకటే. ఎవరు మెరుగ్గా ఆడారని నన్నడిగితే ఆ వారం రోజులూ టొరంటోనే అంటాను. ఎవరు గెలిచారంటే డాడ్జర్స్. ఈ రెండూ వేరు వేరు ప్రశ్నలు.

అయితే డాడ్జర్స్‌ది ఒట్టి అదృష్టమా? ఇక్కడే నాకు సరదాగా ఉంటుంది. వాళ్ల లెక్క వరసగా చూడండి. 2019లో 106 గెలిచారు, తమ మొదటి రౌండ్‌లోనే వాషింగ్టన్ చేతిలో ఓడారు. 2021లో మళ్లీ 106, అట్లాంటా చేతిలో ఓటమి. ఆ అట్లాంటా గెలిచింది 88, ఆ ఏడాది చాంపియన్ అదే. 2022లో 111, తమకన్నా 22 ఆటలు వెనకబడ్డ శాన్ డియేగో ఇంటికి పంపించింది. 2023లో 100 గెలిచి, 84 గెలిచిన ఆరిజోనా చేతిలో వరసగా మూడు ఓడారు. 2024లో 98 గెలిచారు, కప్పు. 2025లో 93, మళ్లీ కప్పు. ఎక్కువ గెలిచిన ఏళ్లలో చేతులూపుకుంటూ వచ్చారు, తక్కువ గెలిచినప్పుడు ఊరేగారు.

2022లో వాళ్లకి గుండె ధైర్యం లేదు, ఒత్తిడికి తట్టుకోలేరు అని రాసినవాళ్లే 2025లో ఉక్కు నరాలు అని రాశారు. మధ్యలో నరాలు ఎవరు మార్చారో నాకు తెలీదు.

ఇంకాస్త దూరం నుంచి చూస్తే బొమ్మ తేటపడుతుంది. 2013 నుంచి 2025 దాకా 13 ఏళ్లు, ఒక్క ఏడాదీ తప్పకుండా డాడ్జర్స్ ప్లేఆఫ్స్‌కి వచ్చారు. కప్పులు మూడు: 2020, 2024, 2025. పదమూడింట మూడంటే 23 శాతం. పైన నేను వేసిన లెక్కలో వచ్చింది 22. ఇంత దగ్గరగా కలవడం కాకతాళీయమే, నా లెక్క అంత నిక్కచ్చిది కాదు. కానీ దారి అదే. వాళ్ల నైపుణ్యమంతా ఆ 13లో ఉంది. డబ్బు, స్కౌటింగ్, చిన్న లీగుల్లో కుర్రాళ్లని తయారుచేయడం, ఇంకొకరు వదిలేసిన ఆటగాణ్ణి బాగుచేసుకోవడం, అన్నీ. ఆ మూడు ఏ మూడేళ్లలో వచ్చాయన్నది గాలివాటం.

దీనికి ఇంకో వైపు అట్లాంటా బ్రేవ్స్. 1991 నుంచి 2005 దాకా, సమ్మెతో ఆగిపోయిన 1994 తీసేస్తే, 14 సీజన్లు వరసగా తమ డివిజన్ (లీగ్‌లోని ఒక గ్రూపు) గెలిచారు. గ్రెగ్ మాడక్స్, టామ్ గ్లావిన్, జాన్ స్మోల్ట్స్, ముగ్గురు పిచర్లూ తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్లారు. కప్పు ఒక్కటే, 1995లో. అక్టోబర్‌లో తుస్సుమంటారని పేరు పడిపోయింది. నా లెక్కలో అలాంటి జట్టుకి 14 ఏళ్లలో ఒకటో, అసలేమీ లేకపోవడమో జరిగే అవకాశం దాదాపు 15 శాతం. అరుదే, కానీ శాపం అనుకోవాల్సినంత కాదు.

2006 సెయింట్ లూయీస్ కార్డినల్స్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అదృష్టం అనగానే అందరూ వాళ్లనే ఉదాహరణగా తెస్తారు. 83 గెలిచి 78 ఓడి చాంపియన్ అయ్యారు. వరల్డ్ సిరీస్‌లో డెట్రాయిట్ పిచర్లు అయిదు ఆటల్లో అయిదు ఫీల్డింగ్ తప్పులు చేశారు. నాలుగో ఆటలో వాళ్ల సెంటర్ ఫీల్డర్ తడి గడ్డి మీద జారిపడ్డాడు. ఇదంతా నిజమే. కానీ అదే కార్డినల్స్, అదే మేనేజర్ టోనీ లా రుస్సా, అదే మేటి బ్యాటర్ ఆల్బర్ట్ పుహోల్స్ 2004లో 105, 2005లో 100 గెలిచి ఉత్తచేతులతో వెళ్లారు. మూడేళ్లు కలిపి చూస్తే వాళ్లకి దక్కాల్సిందే దక్కింది, ఏడాది మాత్రం తప్పు.

ఇంతవరకూ చదివి, అయితే అక్టోబర్‌లో చేయగలిగిందేమీ లేదా అంటారేమో. ఉంది. ఈ విషయంలో నేను కొన్నేళ్లు మొండిగా వాదించి, తర్వాత మెత్తబడ్డాను. మామూలు సీజన్‌లో అయిదుగురు పిచర్లు వంతులవారీగా ఒక్కో ఆట మొదలుపెడతారు. ప్లేఆఫ్స్‌లో మధ్యలో సెలవు రోజులుంటాయి కాబట్టి ముగ్గురు నలుగురితో నెట్టుకురావచ్చు. అంటే 162 ఆటలు గెలిపించే జట్టూ, మూడు వారాలు గెలిపించే జట్టూ అచ్చంగా ఒకటి కాదు. అయిదో పిచర్ బాగుండటం వల్ల 95 గెలిచిన జట్టుకి అక్టోబర్‌లో ఆ లాభం ఉండదు. పైన ఇద్దరు ముగ్గురు గట్టివాళ్లున్న జట్టుకి 55 కాస్తా 57, 58 కావచ్చు. 2014లో శాన్ ఫ్రాన్సిస్కోకి మాడిసన్ బమ్‌గార్నర్ చేసింది అదే, రెండు రోజుల విశ్రాంతితో వచ్చి ఏడో ఆటలో చివరి అయిదు ఇన్నింగ్స్ వేశాడు. 2025లో డాడ్జర్స్ పిచర్ యోషినోబు యమమోటో ఇంకా మించిపోయాడు. ఆరో ఆటలో 96 బంతులు వేసి, మర్నాడే ఏడో ఆటలో రెండు ఇన్నింగ్స్‌కి పైగా వేసి ముగించాడు. దాన్ని అదృష్టం అనేవాడికి నేను దండం పెట్టి తప్పుకుంటాను.

ఆ ఏడో ఆటలోనే, 4-4 దగ్గర, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో బేస్‌లన్నీ నిండి ఉండగా, ఫీల్డింగ్ కోసమని అప్పుడే దింపిన ఆండీ పాహెస్ పరుగెత్తుకొచ్చి, హెర్నాండెజ్‌ని గుద్దుకుంటూ క్యాచ్ పట్టాడు. అతణ్ణి దింపాలన్న నిర్ణయం మేనేజర్ డేవ్ రాబర్ట్స్‌ది. దానికి ముందు, అదే ఇన్నింగ్స్‌లో డాడ్జర్స్ బ్యాటింగ్ చేసిన మొదటి సగంలో, కొట్టడం కన్నా ఫీల్డింగ్‌కే పేరున్న 36 ఏళ్ల రోహాస్ హోమ్ రన్ కొట్టి స్కోరు సమం చేశాడు. అది ఏ ఖాతాలో వేయాలో నాకిప్పటికీ తేలలేదు.

ఒత్తిడిలో చెలరేగే ప్రత్యేక ఆటగాళ్లు ఉంటారన్న మాట మాత్రం నేను పెద్దగా నమ్మను. మంచి బ్యాటర్ అక్టోబర్‌లోనూ మంచి బ్యాటరే. ఇరవై ముప్ఫై వంతులు చూసి మనిషి గుండెని కొలవడం నా ఉద్యోగంలో అయితే ఒప్పుకోరు.

మన క్రికెట్‌లో దీన్ని ఒంటిమీద అనుభవించాం కదా. 2023 నవంబర్ 19న అహ్మదాబాద్ ఫైనల్ కోసం ఇక్కడ తెల్లవారుజామున మూడున్నరకి లేచాను. వరసగా పది గెలిచి వచ్చిన జట్టు ఆ ఒక్కటీ ఓడింది. ఎనిమిదిన్నరకల్లా ఇంట్లో ఎవరూ మాట్లాడటం లేదు. మనకి 65 శాతం అవకాశం ఉందనుకున్నా, మూడింట ఒకసారి అలాంటి ఉదయం వస్తుంది. పైగా అది ఒక్క మ్యాచ్, వీళ్లకి ఏడైనా ఉన్నాయి.

అన్నట్టు, ఏడు చాలకపోతే ఆటలు పెంచొచ్చు కదా అని మీరు చివర్లో అడిగారు. పెంచి చూశారు. 1903లోనూ, 1919 నుంచి 1921 దాకానూ వరల్డ్ సిరీస్ తొమ్మిదింట అయిదు. 55 శాతం జట్టుకి ఏడింట 61గా ఉన్న అవకాశం తొమ్మిదింట 62 అవుతుంది, అంతే. బలమైన జట్టే గెలుస్తుందని 95 శాతం భరోసా కావాలంటే ఇద్దరి మధ్యా దాదాపు 270 ఆటలు పెట్టాలి. 2025 ఏడో ఆటే 11 ఇన్నింగ్స్ నడిచి అర్ధరాత్రి దాటింది, మర్నాడు నేను మీటింగ్‌లో కూర్చునే నిద్రపోయేవాణ్ణి, అదృష్టం కొద్దీ ఆదివారమైంది.